నక్షత్రం గుర్తుకు పదిహేనేళ్లు

రాజాజీ పెట్టారు. రంగా నడిపారు. ఆంధ్రలో లచ్చన్న భుజాన మోశారు. 1959లో మద్రాసులో పుట్టి, 1967కల్లా లోక్‌సభలో అతి పెద్ద ప్రతిపక్షమై, 1974లో మరో పార్టీలో కలిసిపోయిన నక్షత్రం గుర్తు పార్టీ, స్వతంత్ర పార్టీ కథ ఇది.

కల్లు మాటెత్తితే రాజాజీకి గిట్టదు. 1937లో మద్రాసు ప్రభుత్వ పగ్గాలు చేతికి రాగానే సేలం జిల్లాలో మద్యనిషేధం పెట్టారు. ఖజానాకు గండి పడితే పూడ్చుకోవడానికి అమ్మకం పన్ను తెచ్చారు గానీ నిషేధాన్ని వదల్లేదు. గౌతు లచ్చన్నది అందుకు పూర్తిగా ఎదురు దారి. శ్రీకాకుళం జిల్లా బారువలో గీత కార్మికుల కులంలో పుట్టిన మనిషి. తాటిచెట్టెక్కి బతికేవాడి పొట్ట కొట్టే నిషేధం మాకొద్దని పట్టుబట్టారు. ఆ గొడవలోనే 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్ర తొలి ప్రభుత్వం, సాక్షాత్తూ టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం, శాసనసభలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది.

ఐదారేళ్లు తిరిగాయో లేదో, ఈ ఇద్దరూ ఒకే పార్టీలో తేలారు. ఒకరు దాని పెద్దదిక్కు, రెండోవారు ఆంధ్రలో దాని పెట్టని కోట. మద్యం మీద ఎవరి మాట వారిదే, ఒక్కరూ మార్చుకోలేదు. మార్చుకోమని పార్టీ అడగలేదు కూడా. స్వతంత్ర పార్టీ రాసుకున్న మూల సూత్రాలు ఇరవై ఒకటి. ఆఖరి సూత్రం ఏమంటుందంటే, పై సూత్రాల పరిధిలోకి రాని ఏ విషయంలోనైనా సభ్యుడు తనకు తోచిన అభిప్రాయం పెట్టుకోవచ్చు, చెప్పుకోవచ్చు, పార్టీ అడ్డు రాదు. అధిష్ఠానం కన్నెర్ర చేస్తే ముఖ్యమంత్రులే వణికే రోజుల్లో ఇలాంటి వాక్యం కాగితం మీద పెట్టిన పార్టీ ఇంకోటి లేదు. ఈ పార్టీ అంత త్వరగా పెరగడానికీ, అంతకంటే త్వరగా విచ్చిపోవడానికీ ఆ ఇరవై ఒకటో సూత్రంలోనే సగం కారణం ఉంది. మిగతా సగం రైతు గట్టు దగ్గర ఉంది. ముందు గట్టు సంగతి చూద్దాం.

నాగపూర్‌లో తీర్మానం, నిడుబ్రోలులో గుబులు

1959 జనవరిలో నాగపూర్‌లో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. భూమికి గరిష్ఠ పరిమితి పెట్టాలి, ధాన్యం వ్యాపారం ప్రభుత్వం చేతుల్లోకి తీసుకోవాలి, దేశంలో వ్యవసాయం చివరికి ఉమ్మడి సహకార పద్ధతికి మళ్లాలి అని అక్కడ తీర్మానం చేశారు. భూములన్నీ ఒకచోట కలుపుతారు. హక్కు మాత్రం ఎవరిది వారికే ఉంటుంది. పంట వచ్చాక భూమి వాటా ప్రకారం కొంత, చేసిన పని ప్రకారం కొంత పంచుతారు. ఢిల్లీలో కూర్చుని చదివితే ఇందులో భయపడాల్సిందేమీ కనిపించదు. బలవంతం ఉండదని నెహ్రూ పదేపదే చెప్పారు కూడా.

కృష్ణా డెల్టాలో మూడెకరాల మాగాణి ఉన్న రైతుకు ఇదే మాట వేరేగా వినిపించింది. పట్టా నీ పేరునే ఉంటుంది, గట్టు మాత్రం ఉండదు. గట్టు చెరిపేశాక పట్టా ఏం చేసుకోను? ఆ ప్రశ్నకు ఎవరి దగ్గరా సమాధానం లేకపోయింది. పైగా అప్పటికి రష్యాలో ఉమ్మడి క్షేత్రాల పేరిట ఏం జరిగిందో, చైనాలో కమ్యూన్ల పేరిట ఏం జరుగుతోందో పత్రికల్లో వస్తూనే ఉంది. తెలంగాణ సాయుధ పోరాటం, 1955 ఆంధ్ర ఎన్నికల్లో కమ్యూనిస్టులతో హోరాహోరీ అప్పటికింకా జ్ఞాపకాలు కూడా కాలేదు. నిన్నటి సంగతులే.

ఈ గుబులుకు గొంతు ఇచ్చింది ఆచార్య ఎన్.జి.రంగా. గుంటూరు జిల్లా నిడుబ్రోలులో 1900లో రైతు కుటుంబంలో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివి, మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో పాఠాలు చెప్పి, ఆ ఉద్యోగం వదిలేసి ఊరికి వచ్చారు. వెంకటగిరి జమీందారీ రైతుల కోసం పోరాడారు. నిడుబ్రోలులో రైతు పిల్లలకు రాజకీయ పాఠశాల నడిపారు. అఖిల భారత కిసాన్ సభను నిలబెట్టినవారిలో ఒకరు. 1951లో ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవికి పోటీ పడి నీలం సంజీవరెడ్డి చేతిలో ఓడి, పార్టీ వదిలి, కృషికార్ లోక్ పార్టీ పెట్టుకున్నారు. 1955లో కమ్యూనిస్టులను ఓడించడానికి కాంగ్రెస్‌తో చేయి కలిపి మళ్లీ పాత గూటికి చేరారు. నాగపూర్ తీర్మానం నాటికి ఆయన కాంగ్రెస్ పార్లమెంటరీ పార్టీ కార్యదర్శి. నెహ్రూ మాట కాదనలేక చాలామంది మౌనంగా ఉండిపోయినచోట ఆయన రాజీనామా ఇచ్చి బయటికి వచ్చారు. ఆ తీర్మానాన్ని అంతే గట్టిగా ఎదిరించిన మరో రైతు నాయకుడు ఉత్తరప్రదేశ్‌లో చరణ్‌సింగ్. ఆయన మాత్రం అప్పటికి కాంగ్రెస్‌లోనే ఉండిపోయారు. ఆ పేరు గుర్తు పెట్టుకోండి, కథ చివర్లో మళ్లీ వస్తుంది.

ఎనభయ్యో ఏట కొత్త దుకాణం

1959 జూన్ 4న మద్రాసులో స్వతంత్ర పార్టీ పుట్టుకను ప్రకటించినప్పుడు రాజాజీ వయసు ఎనభై. కావలసినన్ని పదవులు చూశారు. భారతదేశపు చివరి గవర్నర్ జనరల్, కేంద్ర హోంమంత్రి, రెండుసార్లు మద్రాసు ప్రభుత్వాధినేత, ఆపైన భారతరత్న. ఆ వయసులో, ఆ హోదాలో ఉన్న మనిషి పాత మిత్రుడు నెహ్రూ మీదికే పార్టీ పెట్టడం ఏమిటని దేశం ముక్కున వేలేసుకుంది.

నిజానికి ఆయన గొడవ పాతదే. 1952లో మద్రాసు ముఖ్యమంత్రిగా వచ్చీ రాగానే తిండిగింజల మీద కంట్రోళ్లు ఎత్తేశారు. యుద్ధకాలం నుంచి పాతుకుపోయిన రేషను, ఒక జిల్లా నుంచి మరో జిల్లాకు బియ్యం బస్తా కదలాలంటే ఉండే ఆంక్షలు అన్నీ పోయాయి. అప్పటికి ఆంధ్ర జిల్లాలూ ఆ రాష్ట్రంలోనే ఉన్నాయి. కరువొస్తుందని భయపెట్టారు. రాలేదు. సర్కారు పక్కకు తప్పుకుంటే బియ్యం తన దారి తానే వెతుక్కుంటుందన్న పాఠం ఆయన అక్కడే నేర్చుకున్నారని నాకనిపిస్తుంది.

ఆయన వాడుకలోకి తెచ్చిన మాట ఒకటి పార్టీని మించి బతికింది. పర్మిట్-లైసెన్స్-కోటా రాజ్యం. ఈ తరానికి అది ఎలా ఉండేదో చెప్పాలి. ఫ్యాక్టరీ పెట్టాలంటే లైసెన్సు. ఉన్న ఫ్యాక్టరీలో ఉత్పత్తి పెంచాలంటే ఇంకో లైసెన్సు. విదేశీ యంత్రం తెప్పించాలంటే పర్మిట్, ముడిసరుకుకు కోటా. ఇచ్చేది ఢిల్లీ, అడగాల్సింది ఎవరినో తెలిసుండాలి. ఒకసారి లైసెన్సు దొరికినవాడికి పోటీ వచ్చే భయం లేదు. అందుకే స్కూటరు కోసం డబ్బు కట్టి పేరు రాయించుకున్న ఉద్యోగి ఏళ్ల తరబడి ఎదురు చూసేవాడు. పెట్టుబడిదారులకు ఇది నరకమని అనుకుంటాం గానీ, లైసెన్సు చేతికొచ్చిన పెట్టుబడిదారుడికి ఇది స్వర్గం. బొంబాయి పెద్ద వ్యాపారుల్లో చాలామంది స్వతంత్రకు చందా ఇవ్వడానికి ఎందుకు వెనకాడారో అర్థం చేసుకోవాలంటే ఇది తెలియాలి.

పార్టీ ఇంటిని కట్టింది మాత్రం మీనూ మసానీ. బొంబాయి పార్సీ, న్యాయవాది, వాగ్ధాటి గల మనిషి. 1934లో జయప్రకాశ్ నారాయణ్‌తో కలిసి కాంగ్రెస్ సోషలిస్టు పార్టీని పెట్టినవారిలో ఒకరు. సోవియట్ రష్యా మీద ప్రేమతో మొదలై, స్టాలిన్ కాలం చూసి, సోషలిజానికే దండం పెట్టి ఇవతలికి వచ్చారు. రంగా అధ్యక్షుడు, మసానీ ప్రధాన కార్యదర్శి. సంస్థానాల విలీనంలో పటేల్‌కు కుడిభుజంగా పనిచేసిన వి.పి.మీనన్, రాజ్యాంగ రచనలో పాలుపంచుకున్న కె.ఎం.మున్షీ, పారిశ్రామికవేత్త హోమీ మోదీ వచ్చి చేరారు. ఒకసారి ఈ వరస చూడండి. మాజీ గవర్నర్ జనరల్, మాజీ సోషలిస్టు, మాజీ ఐ.సి.ఎస్‌లు, మాజీ మంత్రులు. పత్రికల్లో వ్యాసం రాయమంటే ఒక్కొక్కరూ దిట్టలే. ఊళ్లో జెండా కర్ర పాతమంటే చేతులు తక్కువ.

ఆ చేతులు ఉన్నది రంగా, లచ్చన్నల దగ్గరే. పొట్టి శ్రీరాములు ప్రాణం పోయినప్పుడు మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీయే. ఆంధ్ర జిల్లాల్లో ఆ చేదు ఇంకా ఆరలేదు. అలాంటి మనిషి పార్టీకి 1962లో ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 19 స్థానాలు, 1967లో 29 స్థానాలు వచ్చాయంటే అవి రాజాజీని చూసి పడిన ఓట్లు కావు. గట్టు చెరిగిపోతుందన్న భయానికి పడిన ఓట్లు కొన్ని, కృషికార్ లోక్ పార్టీ నాటి పాత పరిచయాలకు పడినవి కొన్ని, సంజీవరెడ్డి వర్గం అంటే గిట్టనివాళ్లవి మరికొన్ని. అయినా సొంతూరి రాజకీయం వింతది. 1962లో తెనాలిలో రంగాయే కమ్యూనిస్టు అభ్యర్థి చేతిలో ఓడిపోయారు. అనంతశయనం అయ్యంగార్ బీహారు గవర్నరుగా వెళ్లాక ఖాళీ అయిన చిత్తూరులో ఉపఎన్నిక వస్తే, అక్కడ గెలిచి లోక్‌సభకు వెళ్లారు.

రాణీగారి మెజారిటీ

1962 ఎన్నికలకు ముందు జె.ఆర్.డి.టాటా ఒక పని చేశారు. కాంగ్రెస్‌కు ఇస్తున్నట్టే స్వతంత్ర పార్టీకీ చందా ఇవ్వబోతున్నామని నెహ్రూకు ముందుగానే ఉత్తరం రాశారు. దేశంలో బాధ్యత గల ప్రతిపక్షం ఒకటి ఉండాలని తమ ఉద్దేశమని చెప్పుకున్నారు. మీ ఇష్టం మీది, అయితే స్వతంత్ర ఆ పాత్రకు తగినది కాదని నెహ్రూ బదులిచ్చారు. ఇద్దరి ఉత్తరాల్లోనూ మర్యాద తప్పిన మాట లేదు. ప్రతిపక్షానికి చందా ఇవ్వబోతున్నానని ప్రధానికే రాసి చెప్పే పారిశ్రామికవేత్తను ఇప్పుడు ఊహించుకోవడం కష్టం.

ఆ ఎన్నికల్లో పార్టీకి లోక్‌సభలో 18 సీట్లు, దాదాపు 8 శాతం ఓట్లు వచ్చాయి. మూడేళ్ల పసికూనకు అది చిన్న సంగతి కాదు. ఫలితాలను జిల్లాలవారీగా పరిచి చూస్తే మాత్రం ఇంకో బొమ్మ కనిపిస్తుంది. జైపూర్‌లో మహారాణి గాయత్రీదేవికి లక్షా తొంభై వేలకు పైగా ఓట్లు వచ్చి, ఆ మెజారిటీ ప్రపంచ రికార్డుల పుస్తకానికెక్కింది. రాజస్థాన్ శాసనసభలో 36 సీట్లు. బీహారులో 50, అవి రామ్‌గఢ్ రాజా కామాఖ్య నారాయణ్ సింగ్ సొంత బలగం మీద వచ్చినవి. ఎన్నికలయ్యాక ఒడిశాలో సంస్థానాధీశుల గణతంత్ర పరిషత్తు మొత్తానికి మొత్తం వచ్చి విలీనమైంది. రామ్‌గఢ్ రాజావారు కొన్నాళ్లకే తన మందీమార్బలంతో మరో దారి చూసుకున్నారు. ఆయనతోనే బీహారు శాఖ కూడా పోయింది.

రాజుల, జమీందార్ల మధ్యయుగపు పార్టీ అని నెహ్రూ ఎద్దేవా చేశారు. కమ్యూనిస్టులు ఇంకా ఘాటుగా అన్నారు. జైపూర్, బలాంగీర్, రామ్‌గఢ్‌ల వరకు అది అబద్ధం కాదు. ఆంధ్రకు మాత్రం అది అతకదు. ఇక్కడ పార్టీ అధ్యక్షుడు జమీందార్ల మీద పోరాడి పేరు తెచ్చుకున్నవాడు, శాసనసభలో దాని నాయకుడు గీత కార్మికుల బిడ్డ. అయితే ఈ రెండు రకాల మనుషులకూ ఉమ్మడిగా ఉన్నదేమిటి? రాజుకు రాజభరణం పోతుందని భయం, రైతుకు పొలం పోతుందని భయం, బొంబాయి మేధావికి స్వేచ్ఛ పోతుందని భయం. ముగ్గురి ఎదురుగా ఉన్నది ఒకే ప్రభుత్వం కాబట్టి ముగ్గురూ ఒకే బండెక్కారు. వాళ్లను కలిపింది ఇష్టం కాదు.

గెలిచిన వాదం

పార్టీ చేసిన గట్టి పని ఎన్నికల్లో కన్నా రాజ్యాంగ వాదనల్లో ఉంది. జమీందారీ ఎస్టేట్లు స్వాధీనం చేసుకోవడానికి రాజ్యాంగంలో 31ఎ అధికరణం పెట్టారు. మన ప్రాంతంలోని రైత్వారీ భూములు అందులోకి వస్తాయా అన్న పేచీ కేరళ కేసులో సుప్రీంకోర్టుకు వెళ్లింది. రావని 1961లో కోర్టు చెప్పింది. వెంటనే కేంద్రం రైత్వారీ భూములనూ ఎస్టేటు నిర్వచనంలో కలుపుతూ 17వ సవరణకు దిగింది. మద్రాసు ప్రెసిడెన్సీలోని ప్రతి పట్టాదారు రైతునూ నేరుగా తాకిన సవరణ అది. రంగా పార్లమెంటులోనూ బయటా దాని మీద కాలికి బలపం కట్టుకుని తిరిగారు. 1964లో సవరణ ఆగలేదు. కానీ అందులో ఒక షరతు చేరింది. రైతు స్వయంగా సాగు చేసుకుంటున్న, పరిమితికి లోబడిన భూమిని ప్రభుత్వం తీసుకుంటే మార్కెట్ ధరకు తగ్గకుండా పరిహారం ఇవ్వాల్సిందే. ఆ వాక్యం ఈ రోజుకీ రాజ్యాంగంలో ఉంది. దాని వెనక ఉన్న ఒత్తిడిలో స్వతంత్ర వంతు చిన్నది కాదు.

ఇక నాగపూర్‌లో అంత ఆర్భాటంగా తీర్మానించిన ఉమ్మడి వ్యవసాయం? ఎవరూ రద్దు చేయలేదు. ఎవరూ అమలు చేయలేదు. ఒకటో రెండో ప్రయోగాలు చేసి, ఆ ఫైలును ఏ బీరువాలో పెట్టారో మరిచిపోయారు. స్వతంత్ర పార్టీకి అసలు గండం ఇక్కడే వచ్చిందంటాను. రైతును కదిలించిన భయం తీరిపోయింది. గట్టు గట్టుగానే ఉంది. లైసెన్సు రాజ్యం మీద కోపం తెచ్చుకోమంటే, పొన్నూరు రైతుకు లైసెన్సు అంటే ఏమిటో తెలియదు. అతనికి కావలసింది ఎరువు, కాలువ నీళ్లు, సహకార బ్యాంకు అప్పు. మూడూ ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. 1960ల చివరికి కొత్త వరి వంగడాలు వచ్చాక ప్రభుత్వం ధాన్యం కొంటే బాగుండునని కోరుకుంది కూడా ఆ రైతే.

ఆ మార్పు లెక్కల్లోకి రావడానికి కొంత వ్యవధి పట్టింది. ఈలోగా 1967 వచ్చింది.

44 సీట్లు

చైనా యుద్ధం, రెండేళ్ల కరువు, రూపాయి విలువ తగ్గింపు, నెహ్రూ లేని తొలి ఎన్నిక. కాంగ్రెస్ మీద కోపం ఊరూరా ఉంది. స్వతంత్రకు లోక్‌సభలో 44 స్థానాలు, గుజరాత్ శాసనసభలో 66, ఒడిశాలో ఏకంగా సంకీర్ణ ప్రభుత్వం దక్కాయి. బలాంగీర్ మాజీ సంస్థానాధీశుడు రాజేంద్ర నారాయణ్ సింగ్ దేవ్ ముఖ్యమంత్రి. రాజస్థాన్‌లో కాంగ్రెస్‌కు మెజారిటీ రాకపోయినా గాయత్రీదేవి కూటమిని గవర్నరు పిలవలేదు. జైపూర్ వీధుల్లో కాల్పులు, రాష్ట్రపతి పాలన, చివరికి ఫిరాయింపులతో మళ్లీ కాంగ్రెస్ ప్రభుత్వం. మద్రాసులో రాజాజీ నాస్తికులైన డి.ఎం.కె. వారితో పొత్తు కట్టి, దశాబ్దాల పాటు తానున్న కాంగ్రెస్‌ను గద్దె దింపి, అన్నాదురైని ముఖ్యమంత్రిని చేశారు. 1937లో బడుల్లో హిందీ పెట్టిన రాజాజీ ఇప్పుడు హిందీకి బద్ధ వ్యతిరేకి. ఇరవై ఒకటో సూత్రం ఎంత పనికొచ్చిందో చూడండి.

అతి పెద్ద ప్రతిపక్షమే గానీ సభలో పదో వంతు బలం లేదు కాబట్టి అధికారికంగా ప్రతిపక్ష నాయకుడి హోదా దక్కలేదు. చిత్తూరులో ఓడిన రంగా ఈసారి లచ్చన్న సొంత గడ్డ శ్రీకాకుళం నుంచి లోక్‌సభకు చేరారు. లచ్చన్న హైదరాబాద్‌లో ప్రతిపక్ష నాయకుడు.

రాజమండ్రిలో పుట్టిన మరో తెలుగువాడు ఆ ఏడాదే రంగం మీదికి వచ్చారు. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. ప్రాథమిక హక్కులను పార్లమెంటు సైతం తీసేయడానికి వీల్లేదని ఫిబ్రవరిలో గోలక్‌నాథ్ తీర్పు ఇచ్చారు, పదకొండు మందిలో ఆరుగురి మెజారిటీతో. అది కూడా భూమి కేసే, పంజాబ్‌లోది. స్వతంత్ర పార్టీ చెవులకు అంతకన్నా తీయని తీర్పు ఉండదు. ఏప్రిల్‌లో ఆయన పదవికి రాజీనామా చేసి ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి పదవికి పోటీకి దిగారు. ఆయనను ఒప్పించి నిలబెట్టిన పార్టీల్లో స్వతంత్ర ముందు వరసలో ఉంది. జాకిర్ హుస్సేన్ మీద ఓడిపోయినా 3,63,000 పైచిలుకు ఓట్లు తెచ్చుకున్నారు. తీర్పు ఇచ్చిన న్యాయమూర్తి ఆ తీర్పు నచ్చిన పార్టీల అభ్యర్థి కావడం బాగుందా అంటే, లేదు. ఆ తీర్పు మీద బురద చల్లడానికి కాంగ్రెస్‌వాళ్లకు అది చక్కటి సాకు ఇచ్చింది.

ఇందిర రెండు ముక్కలు చేసినప్పుడు

1969లో కథ అడ్డం తిరిగింది. జూలైలో ఇందిరాగాంధీ పద్నాలుగు బ్యాంకులను జాతీయం చేశారు. దాని మీద సుప్రీంకోర్టుకు వెళ్లి గెలిచిన ఆర్.సి.కూపర్ స్వతంత్ర పార్టీ మనిషే, వాదించింది పాల్కీవాలా. కోర్టులో గెలుపు, వీధిలో ఓటమి. బ్యాంకు గడప ఎన్నడూ ఎక్కనివాడికి కూడా ఆ జాతీయీకరణ తన కోసమే అనిపించింది. కొట్టేసిన చట్టం స్థానంలో ప్రభుత్వం కొద్దిరోజుల్లోనే మరోటి తెచ్చుకుంది.

మరుసటి నెలలోనే రాష్ట్రపతి ఎన్నిక. కాంగ్రెస్ అధికార అభ్యర్థి నీలం సంజీవరెడ్డి, ఇందిర మనసులోని అభ్యర్థి వి.వి.గిరి. ఇద్దరూ తెలుగువాళ్లే. స్వతంత్ర, జనసంఘ్ మూడో మనిషిగా సి.డి.దేశ్‌ముఖ్‌ను నిలబెట్టాయి. రెండో ప్రాధాన్య ఓట్లు సంజీవరెడ్డికి వేయమని కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప ఆ రెండు పార్టీల తలుపు తట్టడమే ఇందిరకు దొరికిన ఆయుధం. మితవాదులతో కుమ్మక్కు అన్నారు. గిరి గెలిచారు. కాంగ్రెస్ చీలింది. 1951లో రంగాను ఓడించిన సంజీవరెడ్డిని 1969లో రంగా పార్టీ గట్టెక్కించబోయి తానే మునిగింది. రాజకీయాల్లో ఇలాంటి వింతలకు లోటు లేదు.

చీలిన కాంగ్రెస్‌లో పెద్దలు, సంపన్నులు, ఇందిర అంటే పడనివాళ్లంతా పాత కాంగ్రెస్ పక్షాన చేరారు. అప్పటిదాకా కాంగ్రెస్ వద్దనుకున్న మితవాదికి స్వతంత్ర ఒక్కటే ఆసరా. ఇప్పుడు ఇంకో పెద్ద ఇల్లు దొరికింది. అదే ఏడాది కంపెనీలు రాజకీయ పార్టీలకు చందాలివ్వడాన్ని చట్టం చేసి నిషేధించారు. చెక్కు రూపంలో బహిరంగంగా తీసుకునే పార్టీకి అది పెద్ద దెబ్బ. చీకట్లో సంచులు అందుకోగల అధికార పార్టీకి లెక్కే లేదు.

1971లో స్వతంత్ర, జనసంఘ్, పాత కాంగ్రెస్, సంయుక్త సోషలిస్టులు మహాకూటమి కట్టి ఇందిరను దించుతామన్నారు. ఆమె పేదరికాన్ని దించుతానన్నారు. స్వతంత్రకు 8 సీట్లు మిగిలాయి, ఓట్లు 3 శాతం. రాజ్‌కోట్‌లో మసానీ ఓడారు, శ్రీకాకుళంలో రంగా ఓడారు. అప్పటికి పార్టీ అధ్యక్షుడిగా ఉన్న మసానీ ఆ పదవికి రాజీనామా చేశారు. డిసెంబరులో 26వ సవరణతో రాజభరణాలు రద్దయ్యాయి. రాజులకు ఇక కాపాడుకోవడానికి ఏమీ మిగల్లేదు, పార్టీలో ఉండి ఏం చేస్తారు? మరుసటి ఏడాది ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికల్లో స్వతంత్ర సభ్యులను లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్లు చాలు.

ఇన్నిటి మధ్య 1971 వానాకాలంలో మద్రాసులో జరిగిన ఒక సంగతిని తమిళులు ఇప్పటికీ చెప్పుకుంటారు. రాష్ట్రంలో మద్యనిషేధం ఎత్తేయాలని కరుణానిధి ప్రభుత్వం నిర్ణయించింది. తొంభై రెండేళ్ల రాజాజీ కుండపోత వానలో కరుణానిధి ఇంటికి వెళ్లి, ఆ పని చేయవద్దని బతిమాలారు. నాలుగేళ్ల కిందట తాను ఓట్లు అడిగి గెలిపించిన పార్టీ అది. కరుణానిధి మర్యాదగా విన్నారు. ఆగస్టు నెలాఖరుకు నిషేధం పోయింది. ఇరవై ఒకటో సూత్రం ఉన్న పార్టీలో ఆ ముసలాయన పక్షాన నిలబడి గట్టిగా ఒక్క మాట అనాల్సిన అవసరం ఎవరికీ లేదు. అది ఆయన సొంత అభిప్రాయం. 1972 డిసెంబరు 25న ఆయన కన్నుమూశారు.

ఎవరి దారి వారిది

ఆ ఏడాది చివర్లో మన దగ్గర ముల్కీ తీర్పు, జై ఆంధ్ర ఉద్యమం. ముఖ్యమంత్రి పి.వి.నరసింహారావు, చేతిలో భూసంస్కరణల చట్టం. లచ్చన్న జై ఆంధ్ర నాయకుల్లో ఒకరయ్యారు. రంగా కాంగ్రెస్‌కు వెళ్లిపోయారు. తర్వాత 1980, 1984, 1989 ఎన్నికల్లో అదే పార్టీ తరఫున గుంటూరు నుంచి లోక్‌సభకు గెలిచారు. సహకార వ్యవసాయం వద్దని బయటికి వచ్చిన మనిషి, ఆ మాట కాంగ్రెస్ ఎప్పుడో మరిచిపోయాక తిరిగి వెళ్లడంలో ద్రోహమేమీ లేదని ఆయన అనుచరులు అనేవారు. వారి వాదనలో పస లేకపోలేదు. కాకపోతే తొలి అధ్యక్షుడే తిరిగి వెళ్లిపోగలిగాడంటే, ఆ పార్టీ అతనికి ఇల్లా, సత్రమా అన్న ప్రశ్న వస్తుంది.

మిగిలిన పార్టీకి దిక్కు పీలూ మోదీ. హోమీ మోదీ కుమారుడు, వాస్తుశిల్పి, భారీ మనిషి, చిన్ననాటి నుంచి జుల్ఫికర్ అలీ భుట్టోకు నేస్తం. ప్రతిపక్షంలో ఎవరు నోరెత్తినా సి.ఐ.ఎ. ఏజెంటు అనడం రివాజైన రోజుల్లో, ఆ మాటే బిళ్ల మీద రాయించుకుని మెడలో వేసుకుని పార్లమెంటుకు వచ్చారు. నవ్వించగలిగారు, నిలబెట్టలేకపోయారు. 1974 ఆగస్టులో పార్టీని భారతీయ లోక్‌దళ్‌లో కలిపేశారు. ఆ పార్టీ అధినేత చరణ్‌సింగ్. 1959లో రంగాతోపాటు నాగపూర్ తీర్మానాన్ని ఎదిరించిన ఉత్తరాది రైతు నాయకుడు. స్వతంత్రలోని రైతు భాగం చివరికి చేరాల్సిన చోటికే చేరింది. ఆర్థిక స్వేచ్ఛ భాగానికి మాత్రం చరణ్‌సింగ్ ఇంట్లో గది లేదు. మసానీకి ఆ విలీనం ససేమిరా నచ్చలేదు.

1991లో లైసెన్సు రాజ్యాన్ని కూల్చింది ఎవరో మనకు తెలుసు. జూలై 24 నాటి పారిశ్రామిక విధానంతో పద్దెనిమిది పరిశ్రమలకు తప్ప మిగతా అన్నిటికీ లైసెన్సు ఎత్తేసిన ప్రధాని, ఇరవై ఏళ్ల కిందట ఆంధ్ర భూస్వాములను గడగడలాడించిన ఆ పి.వి.యే. స్వతంత్ర పార్టీ ఊసు ఆయన ఎత్తలేదు, ఎత్తాల్సిన పనీ లేదు. విదేశీ మారక నిల్వలు అడుగంటి, బంగారం తాకట్టు పెట్టాల్సి వచ్చి చేసిన పని అది. రాజాజీ వ్యాసాలు చదివి చేసింది కాదు. స్వతంత్రవాళ్లు ముందే చెప్పారని ఇప్పుడు మురిసిపోయేవాళ్లు ఒకటి మరిచిపోతున్నారు. మద్రాసులో, బొంబాయిలో పత్రికలకు రాసినంత శ్రద్ధగా వాళ్లు ఆ మాటను తెలుగులో, పొలం గట్టు మీద, ఎరువుల కొట్టు దగ్గర చెప్పలేదు. అక్కడ చెప్పింది భూమి పోతుందనే. భూమి పోలేదు.

తెలుగునాట ఇలాంటి ప్రయత్నం మరోటి చూశాం. 2006లో పుట్టిన లోక్‌సత్తా పార్టీ 2009లో కూకట్‌పల్లిలో ఒక్క స్థానం గెలిచి, 2014లో మల్కాజ్‌గిరిలో ఓడి, ఆ తర్వాత ఎన్నికల పోటీకి స్వస్తి చెప్పింది. స్వతంత్రకు రాజులున్నా రైతులున్నా, ఎవరో ఒకరి పొట్టకు సంబంధించిన గొడవ ఒకటి ఉండేది. లోక్‌సత్తాకు చదువుకున్న పట్నవాసుల మెప్పు తప్ప అదీ లేదు.

ఇప్పుడెవరైనా స్వతంత్ర పార్టీని మళ్లీ పెట్టాలనుకుంటే ఓట్లకన్నా ముందు ఒక చిక్కు ఉంది. 1989 నుంచి అమల్లో ఉన్న ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఎ సెక్షన్ ప్రకారం, ఎన్నికల సంఘం దగ్గర నమోదు కావాలంటే ప్రతి పార్టీ సోషలిజానికి కట్టుబడి ఉంటానని తన నియమావళిలో రాసివ్వాలి. వ్యాపారులు పెట్టిన పార్టీ అయినా, మఠాధిపతి పెట్టిన పార్టీ అయినా ఆ వాక్యం రాసివ్వాల్సిందే. అందరూ ఇస్తున్నారు కూడా, చదివారో లేదో తెలియదు. స్వతంత్రలో ఏళ్ల తరబడి కార్యాలయ బాధ్యతలు చూసిన ఎస్.వి.రాజు, మరికొందరు పాత కాపులు మాత్రం ఆ వాక్యం రాయం అన్నారు. నమ్మని మాట మీద ప్రమాణం చేయించడం రాజ్యాంగ విరుద్ధమంటూ 1990ల్లో బొంబాయి హైకోర్టులో పిటిషన్ వేశారు. ఆ పిటిషన్ ఏళ్ల తరబడి విచారణకు నోచుకోకుండా నడుస్తుండగానే, 2015లో రాజు కన్నుమూశారు.